ముందు విప్పి చూడండి
(పాత సామాను మీద పాఠకుల ప్రశ్నలు, పర్లాకిమిడి మేస్త్రీ జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇల్లు పడగొట్టుకుంటున్నవాళ్ళు రాసినవే. మా వైపు మాఘమాసం నుంచి వానలు పడేదాకా ఇదే పని. పెంకులు దించుతారు, దూలాలు లాగుతారు, స్లాబు వేస్తారు. తాతల నాటి మంచాలు, పెట్టెలు వీధి అరుగు మీదికి వస్తాయి. అక్కడి నుంచి అవి ఎటు పోతాయన్నదే నా బాధ. కొందరు తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో రాసి పంపారు. మేం ఉండేది ఒడిశాలో, పిల్లలు చదివేది ఒడియా బడుల్లో కాబట్టి అది సహజం. నేను రెండూ చదవగలను, మీకు ఏది తేలికైతే అందులోనే రాయండి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది గుణుపురం. మా మామగారి కాలం నాటి పెంకుటిల్లు వచ్చే నెల పడగొడుతున్నాం. ఇంట్లో ఒక పందిరి మంచం, ఒక భోషాణం ఉన్నాయి. కొత్త ఇంట్లో గదులు పదడుగులకు పదడుగులు. ఇవి పట్టవని, కొత్త సెట్టు కొందామని పిల్లలు అంటున్నారు. పాత సామాన్లు కొనే ఆయన కాంటా తెచ్చి, వంటచెరకు లెక్కన తూకం వేసి తీసుకుపోతానన్నాడు. నాకు మనసొప్పడం లేదు. అలాగని పిల్లలతో గొడవ పడలేను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ కాంటా మనిషిని ఒక నెల ఆగమనండి. పిల్లలతో గొడవ అక్కర్లేదు. వాళ్ళు అడిగేది చోటు. చోటు సంగతి టేపు పెట్టి కొలిస్తే తేలిపోతుంది.

పందిరి మంచం చూడ్డానికి కొండలా ఉంటుంది గానీ, విప్పడానికి వీలుగానే చేసేవారు. పెళ్ళిలో సారెగా బండి మీద వచ్చిన వస్తువు అది, విడిభాగాలుగా రాకపోతే ఆ ఇంటి గుమ్మంలోంచి పట్టదు. పరుపు తీసి కింద పడుకుని టార్చి వేసి చూడండి. పట్టెలు, అంటే పక్క చెక్కలు, మంచం కోళ్ళలోకి (కాళ్ళలోకి) దూరే చోట బోల్టో, చెక్క చీలో కనపడుతుంది. పైన పందిరి కర్రలు చాలా మంచాల్లో ఊరికే కూర్చోబెట్టి ఉంటాయి, ఎత్తితే వచ్చేస్తాయి. విప్పే ముందు ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీయించండి. ప్రతి జాయింటుకి రెండు పక్కలా సుద్దముక్కతో ఒకే అంకె వేయించండి. పాత మేస్త్రీలు ఏ బెజ్జానికి ఆ కుసి విడిగా చెక్కేవారు. కుసి అంటే పట్టె చివర సన్నగా చెక్కిన నాలుక. ఒకదాని చోట ఇంకొకటి దూర్చితే జన్మలో సరిగ్గా కూర్చోదు.

పదడుగుల గదిలో ఆరున్నర అడుగుల మంచం పడుతుంది, ఒక పక్క గోడకు చేరిస్తే తిరగడానికి చోటూ ఉంటుంది. పైన పందిరి కర్రలు ఉంటే గది ఇరుకుగా కనిపిస్తుంది. వాటిని తీసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. స్తంభాలు మాత్రం కోయించకండి. కోసిన చెక్కను మళ్ళీ అతికించలేం. మీ మనవరాలికి పందిరి కావాలనిపిస్తే అప్పుడు ఏం చేస్తారు?

ఇంకో మాట. షాపులో దొరికే పరుపు కొలతకి రాలేదని మంచం పట్టెలు కోయించేవాళ్ళను చాలామందిని చూశాను. మంచానికి తగ్గట్టు పరుపు కుట్టించుకోవాలి. గుణుపురంలోనే పరుపులు కుట్టేవాళ్ళున్నారు. కొలత రాసిస్తే పత్తి పరుపైనా బూరుగు దూది పరుపైనా కుట్టి ఇస్తారు.

ఇక చెక్క. కంటికి కనపడని అడుగుభాగంలో బ్లేడుతో వేలెడంత చోట గీరి చూడండి. బంగారు గోధుమ రంగు, వేలికి కొంచెం జిడ్డు, పాత తోలులాంటి వాసన ఉంటే అది టేకు. గీరిన పొట్టును గ్లాసు నీళ్ళలో వేస్తే నీళ్ళు పసుప్పచ్చగా మారి, ఎండలో పక్కనుంచి చూసినప్పుడు నీలంగా మెరిస్తే అది వేగిస. షాపులో ఒడియాలో అడిగితే టేకును శాగువాన్ అంటారు, వేగిసను పియాశాల్ అంటారు, మనం గుగ్గిలం అనేది వాళ్ళకి శాల్. అమ్మేవాడు ఒక పేరు చెప్పి ఇంకో చెక్క అంటగట్టకుండా ఈ పేర్లు గుర్తుంచుకోండి.

మీ మామగారి కాలం నాటి టేకంటే అడవిలో నిదానంగా పెరిగిన చెట్టు. లోపలి చేవ ఎక్కువ, చుట్టూ ఉండే తెల్లచెక్క తక్కువ. చెదలు తట్టుకునేది చేవే. ఇప్పుడు మార్కెట్లోకి వచ్చే ఇరవై ఏళ్ళ తోట టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. పిల్లలు కొనబోయే కొత్త సెట్టు అసలు టేకేనా, చెక్క పొట్టు, జిగురు కలిపి నొక్కిన ఇంజినీర్డ్ వుడ్డా అని కూడా అడగమనండి. ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బన్. అరవై కిలోల మంచాన్ని పొయ్యిలో పెడితే, అందులోని తేమ తీసేసినా, దాదాపు వంద కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. మంచంగా ఉన్నన్నాళ్ళూ అది చెక్కలోనే ఉంటుంది. దాని బదులు కొనే కొత్త మంచానికి ఇంకో చెట్టు కావాలి.

పాలిష్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి, ఎందుకంటే అక్కడే నేను ఒక పెద్ద తప్పు చేశాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక ఇంటి పెద్దావిడ తన పుట్టింటి మంచం తెచ్చి నాకు అప్పగించింది. దాని మీద రెండు మూడు పొరల రంగుంది. త్వరగా అయిపోతుందని కాస్టిక్ సోడా నీళ్ళు పోసి కడిగాను. రంగు ఊడింది. దాంతోపాటు టేకు నల్లబడింది, తలవైపు పలక మీద నెమళ్ళ అంచులు పీచులేచాయి, లోపలి జాయింట్లు వదులయ్యాయి. పాత రోజుల్లో వాడింది వజ్రం, అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే బంక. నీళ్ళు, వేడి తగిలితే అది కరిగిపోతుంది. ఆవిడ వచ్చి ఆ నెమళ్ళ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బులు ఇవ్వబోతే నేను తీసుకోలేదు. ఆ రోజు నుంచి నా దగ్గర కాస్టిక్ సోడా డబ్బా లేదు.

అందుకే మీరు చెయ్యాల్సిన మొదటి పని ఇది. దూది మీద స్పిరిట్ వేసి, కనపడని మూల ఒక నిమిషం అద్ది ఉంచండి. అక్కడ జిగురుగా మారితే మీ మంచం మీదున్నది లక్క పాలిష్. దాన్ని గీకెయ్యక్కర్లేదు. తడిపి పిండిన గుడ్డతో మురికి తుడిచి, బాగా ఆరాక, మెత్తటి గుడ్డతో పల్చటి లక్క పాలిష్ పూయించండి. కొత్త లక్క పాత లక్కతో కలిసిపోతుంది. మరమ్మతుకు ఇంత అనువైన పాలిష్ ఇంకొకటి నాకు తెలియదు. స్పిరిట్‌కి చలించకపోతే అది పెయింటో వార్నిషో. పాత పెయింటైతే పొడిగా గీకవద్దు. ఇంట్లో వాడే పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎంతున్నా ఉండొచ్చు. నీళ్ళలో తడిపిన వాటర్‌పేపర్‌తో, ఆరుబయట, చిన్నపిల్లలు లేనప్పుడు రుద్దించండి. రాలిన ముద్దను గుడ్డతో తీసి కవర్లో కట్టెయ్యాలి. పెరట్లో మొక్కల దగ్గర పారబొయ్యకూడదు.

భోషాణం సంగతి తేలిక. హాల్లో కిటికీ కింద పెట్టి పైన పల్చటి పరుపు వేస్తే ముగ్గురు కూర్చునే బల్ల అవుతుంది. లోపల దుప్పట్లు, బొంతలు పెట్టుకోవచ్చు. కాకపోతే గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం వదలండి. కొత్త స్లాబు ఇళ్ళలో మొదటి ఏడాది గోడలు చెమ్మ వదులుతూనే ఉంటాయి. కాళ్ళ కింద రాతి ముక్కలు పెట్టండి. మూత చాలా బరువు, పసిపిల్లలుంటే మూత చటుక్కున పడకుండా ఒక గొలుసు కొక్కెం తప్పకుండా పెట్టించండి.

దూలాలు, ద్వారబంధాల గురించి మీరు రాయలేదు. కాంటా మనిషి కన్ను వాటి మీదా ఉంటుంది. ద్వారబంధం కొత్త ఇంటికే వాడుకోండి, వాస్తు కొలత కుదరకపోతే కుదించడానికి వీలుంటుంది. దూలాలు కోయించాలంటే ముందు పెద్ద అయస్కాంతం అంతటా తిప్పి మేకులన్నీ లాగించాలి. మేకున్న చెక్కను సామిల్లు వాళ్ళు ముట్టుకోరు, రంపం పళ్ళు ఎగిరిపోతాయి. ఊరు దాటించి తీసుకువెళ్ళేటట్టయితే బండికి ఎత్తకముందే ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడగండి. ఒడిశాలో కలప రవాణాకు 1980 నాటి ట్రాన్సిట్ రూల్స్ ఉన్నాయి. మన వాళ్ళలో చాలామందికి అటు ఆంధ్రాలోనూ ఇటూ ఇళ్ళుంటాయి. పాతపట్నం ఇక్కడేగా అని ట్రాక్టరు ఎక్కిస్తే రాష్ట్రం మారిపోతుంది. ఇల్లు పడగొట్టక ముందు దూలాలు పైన ఉండగా తీసిన ఫొటో ఒకటి దగ్గర ఉంచుకోండి, పాత ఇంటి చెక్క అని చూపడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మేం బరంపురంలో అద్దెకుంటున్నాం. పెళ్ళయి మూడేళ్ళు. ఈఎంఐలో కొన్న వార్డ్‌రోబ్ అడుగుభాగం, బాత్రూం గోడ చెమ్మకి ఉబ్బి పొట్టు రాలుతోంది. తలుపు మడతబందుల స్క్రూలు ఊడి వస్తున్నాయి. బాగు చేయించవచ్చా?

జవాబు: తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఉబ్బిన భాగం బాగుపడదు. అది పార్టికల్ బోర్డు, రంపపు పొట్టును జిగురుతో కలిపి వేడిలో నొక్కి చేసిన పలక. నీళ్ళు తాగితే ఆ పొట్టు వదులై ఉబ్బుతుంది, ఎండబెట్టినా వెనక్కి తగ్గదు. ఊడిన స్క్రూ కోసం పక్కన ఇంకో బెజ్జం వేసినా నాలుగు నెలల్లో అదీ ఊడుతుంది.

అయినా మొత్తం పారెయ్యకండి. పై సగం పొడిగానే ఉంటుంది కదా. ఉబ్బిన అడుగు పలక ఒక్కటీ తీయించి, దాని చోట జానెడెత్తు గట్టి చెక్క పీట కట్టించండి. పాత మంచం పట్టె ముక్కలు ఉన్నా సరిపోతాయి. పక్క పలకలు కింద నుంచి ఎక్కడి దాకా ఉబ్బాయో అక్కడిదాకా కోసేసి, ఆ పీట మీద నిలబెట్టాలి. బీరువా లోపలి చోటు కొంత తగ్గుతుంది, అంతే. ఊడిన మడతబందుల చోట లోపలి వైపు ప్లైవుడ్ పట్టీ ఒకటి వేసి దానికి స్క్రూలు బిగిస్తే పట్టు దొరుకుతుంది. ఈ పనికి నాకైతే ఒక రోజు పడుతుంది.

దీన్ని పొయ్యిలో మాత్రం పెట్టనివ్వకండి. ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, పొగ మంచిది కాదు. ఈసారి కొనేటప్పుడు ఈఎంఐ పెట్టుకోకుండా పాత ఇనుప బీరువా ఒకటి చూసుకోండి. సొట్టలు తీయించి, తుప్పు గీకించి, స్ప్రే పెయింట్ వేయిస్తే ఇళ్ళు ఎన్ని మారినా కూడా వస్తుంది.

ప్రశ్న: మేస్త్రీ గారూ, నేను రాయగడలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ప్యాలెట్ (సరుకు పేర్చి మోసే చెక్క చట్రం) చెక్కతో సోఫా చేసే వీడియోలు చూసి మా గదికి ఒకటి చేద్దామనుకుంటున్నాను. మా ఊరు కాశీనగర్‌లో పెరట్లో పాత రైలు స్లీపర్లు (పట్టాల కింద వేసే దుంగలు) కూడా నాలుగున్నాయి. వాటితో అమ్మకి డైనింగ్ టేబుల్ చేస్తే బాగుంటుందా?

జవాబు: బాబూ, నీ ఉత్సాహం నాకు నచ్చింది. సోఫా చెయ్యి. టేబుల్ మాత్రం ఆపు, ఎందుకో చెప్తాను.

విదేశాలకు పోయే, విదేశాల నుంచి వచ్చే సరుకు ప్యాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది, గోధుమ కంకి గుర్తు, పక్కన ఇంగ్లీషు అక్షరాలు. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసిన చెక్క. నడిభాగం దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగలాలన్నది దాని నియమం, పురుగు చావడం కోసం. అది ఇంట్లోకి పనికొస్తుంది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. అది వద్దు. అసలు ముద్రే లేకపోతే మన దగ్గరి సరుకు మోసినదే కావచ్చు. అప్పుడు మరకలు చూడు, వాసన చూడు. ఎరువు, పురుగుమందు, నూనె మోసిన ప్యాలెట్ ఎంత చవగ్గా వచ్చినా తేవద్దు. ప్యాలెట్ చెక్క చిత్రిక పట్టకుండా వాడితే పేడు గుచ్చుకుంటుంది. వీడియోల్లో ఆ పని రెండు సెకన్లలో అయిపోతుంది. నీకు ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది.

స్లీపర్ల మాట వినగానే నాకు మా చిన్న రైలు గుర్తొచ్చింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చి, 1931 నాటికి గుణుపురం దాకా పాకిన నేరోగేజి. చిన్నప్పుడు మా నాన్న ఉలి, బాడిస సంచి భుజాన వేసుకుని, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అందులోనే పనికి తీసుకువెళ్ళేవాడు. 2004లో అది ఆగింది. 2011లో బ్రాడ్‌గేజి మీద కొత్త రైలు వచ్చింది. నీ స్లీపర్లు ఆ పాత లైనువే అయినా కావచ్చు, గుగ్గిలం చెక్క అయితే ఇనుములా ఉంటుంది. అందుకే నీకు ఆశ పుట్టింది, నాకూ పుడుతుంది.

కానీ రైలు స్లీపర్లకి చెదలు పట్టకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించే పద్ధతి ఉంది. అది చర్మానికి, ఊపిరికి చెడ్డది, క్యాన్సర్ తెచ్చే గుణమున్నది. ఎన్నేళ్ళయినా ఎండ తగిలితే పైకి చెమరుస్తుంది. ఎండలో పెట్టి ముక్కు దగ్గరికి పెట్టుకుని చూడు. తారు వాసన వస్తే అది అన్నం తినే బల్లకి, మంచానికి, పసిపిల్లలు పట్టుకునే దేనికీ వద్దు. కోస్తే పొట్టు కూడా పీల్చకూడదు. కోయకుండా పెరటి గేటు పక్కన మెట్టుగానో, ట్రాక్టరు షెడ్డు గుంజగానో అలాగే వాడుకో. అమ్మకి టేబుల్ చెయ్యాలంటే పడగొట్టిన ఇళ్ళ తలుపులు వెతుకు. పాత రెండు రెక్కల తలుపులో ఒక్క రెక్క, దానికి నాలుగు కాళ్ళు, పైన అద్దం వేస్తే నలుగురికి బల్ల అవుతుంది. తలుపు చెక్కడం మీద పడ్డ అన్నం మెతుకులు అమ్మ రోజూ పుల్లతో తియ్యాల్సి వస్తుంది, అందుకే అద్దం అన్నాను.

ప్రశ్న: మంచం కింద రోజూ తెల్లటి పిండి రాలుతోంది. ఏం వెయ్యాలి? (గృహిణి, జయపురం)

జవాబు: పుచ్చు పురుగు, అమ్మా. మామిడి, బూరుగు చెక్కల్లో, టేకులో అయితే తెల్లచెక్కలో పడుతుంది. కింద నల్ల కాగితం పరిచి, పిండి ఏ బెజ్జం నుంచి రాలుతోందో మూడు రోజులు గమనించండి. రాలడం లేదంటే పురుగు ఎప్పుడో ఎగిరిపోయి ఉండొచ్చు, బెజ్జాలు మైనంతో పూడిస్తే చాలు. రాలుతుంటే ఆ చోట పాలిష్ గీకించి, లీటరు వేడి నీళ్ళలో బోరాక్స్, బోరిక్ పౌడర్ రెండూ కలిపి వంద గ్రాములు కరిగించి, చేతికి తొడుగు వేసుకుని బ్రష్‌తో రెండు మూడు సార్లు పూయండి. పాలిష్ ఉంటే మందు లోపలికి దిగదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. పూర్తిగా ఆరి, మళ్ళీ పాలిష్ పడేదాకా దాని మీద ఎవర్నీ పడుకోనివ్వకండి.

ప్రశ్న: నేను గజపతి జిల్లాలో ప్రభుత్వ బడి టీచరుని. స్టోరురూంలో ముప్ఫైకి పైగా పాత చెక్క బెంచీలు, కొన్ని పేము కుర్చీలు విరిగి పడున్నాయి. కొత్త ఇనుప బెంచీలు వచ్చాయి కాబట్టి ఇవి వేలం వేసేద్దామంటున్నారు. వీటిలో విలువేమైనా ఉందా?

జవాబు: మాస్టారూ, ఒక సంగతి చెప్తాను. చండీగఢ్ నగరం కట్టినప్పుడు, 1950లలో, అక్కడి ఆఫీసులకి, కాలేజీలకి, కోర్టుకి టేకు చెక్కతో, పేము అల్లికతో కుర్చీలు చేయించారు. వాటిని రూపొందించడంలో ముఖ్యుడు పియేర్ జానరే అనే స్విస్ ఆర్కిటెక్టు. అచ్చం మన మేస్త్రీలు చేసే కుర్చీలే, కాళ్ళు మాత్రం ఇంగ్లీషు వీ అక్షరాన్ని తిరగేసినట్టుంటాయి. పాతబడ్డాక వాటిని ఆఫీసుల వెనక గుట్టలుగా పోసి, తుక్కు ధరకి వేలం వేశారు. తర్వాత అవే కుర్చీలు యూరప్, అమెరికా వేలాల్లో లక్షల రూపాయలకి అమ్ముడుపోయాయి. చివరికి 2011లో కేంద్ర హోం శాఖ వాటిని అమ్మవద్దని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికే చాలా పోయాయి.

మీ బెంచీలకి లక్షలు వస్తాయని అనడం లేదు. వేలం వెయ్యకముందు ఒకసారి విప్పి చూడమంటున్నాను. బడి బెంచీ విరగడం తక్కువ, వదులవడమే ఎక్కువ. పిల్లలు ముందుకీ వెనక్కీ ఊగితే కుసి అరిగి బెజ్జంలో ఆడుతుంది, దాన్నే విరిగిందంటారు. బాగు చేసే పద్ధతి ఇది. జాయింటు పూర్తిగా ఊడదీసి, పాత బంక పోయి అసలు చెక్క కనపడేదాకా ఉలితో గీకాలి. పాత బంక మీద ఫెవికాల్ పోస్తే పట్టదు. నూటికి తొంభై మరమ్మతులు మళ్ళీ ఊడిపోవడానికి నా అనుభవంలో ఇదే కారణం. అరిగిన కుసికి పల్చటి చెక్క రేకు అతికించి లావు చేసి, బంక రాసి, తాడుతో బిగించి ఒక రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఆ తర్వాత అడ్డంగా వెదురు చీల కొట్టాలి. ఇనుప మేకు కొట్టవద్దు, మా వైపు తేమ గాలికి అది తుప్పు పట్టి చెక్కను చీలుస్తుంది.

ముప్ఫై బెంచీల్లో పది పూర్తిగా పాడయ్యాయనుకుందాం. ఆ పదీ మిగతా ఇరవైకి విడిభాగాలు. అదే వయసు చెక్క, అదే మందం, కొట్టులో ఎంత డబ్బు పెట్టినా అది దొరకదు. స్టాకు రిజిస్టరులో కొట్టివేత రాయకముందే హెడ్మాస్టరు గారితో, స్కూలు కమిటీతో మాట్లాడి, మరమ్మతు పద్దు కింద చేయించడానికి వీలుందేమో కనుక్కోండి. పై తరగతి పిల్లలతో గీకుడు పని చేయించవచ్చు, చాలా ఇష్టంగా చేస్తారు. పర్లాకిమిడికి దగ్గర్లో అయితే కబురు చెయ్యండి, మొదటి బెంచీ నేనొచ్చి పిల్లల ముందు విప్పి బిగించి చూపిస్తాను. దానికి కూలి వద్దు.

ప్రశ్న: అన్నా, నేనూ వడ్రంగినే, బరంపురం పక్కన. నువ్వు ప్రతి నెలా పాతవి బాగుచేసుకోమని రాస్తావు. జనం కొత్తవి చేయించుకోకపోతే మన పొయ్యి ఎలా వెలుగుతుంది? కుర్రాళ్ళు ఇప్పటికే సూరత్, కేరళ పోతున్నారు.

జవాబు: తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. నీకు సూటిగా జవాబు చెప్పాలి.

నేను మొన్న చేసిన రెండు పనుల లెక్క నీ ముందు పెడతాను. ఒకటి కొత్త దివాను. దానికి వచ్చిన ప్రతి వంద రూపాయల్లో చెక్కకి, ప్లైవుడ్‌కి, ఫోముకి, గుడ్డకి డెబ్భైకి పైనే పోయింది. నా చేతికి మిగిలింది ముప్ఫై లోపు. రెండోది పాత పడక కుర్చీ మరమ్మతు. దానికి బంక, లక్క, పేము కలిపి ఖర్చు ఇరవై. ఎనభై నా కూలి. సామిల్లుకి పోయే డబ్బు నా చేతికొచ్చింది. మన పొయ్యి ఆరిపోతున్నది పాత కుర్చీల వల్ల కాదు. బోల్టులు బిగిస్తే చాలనే రెడీమేడ్ బోర్డు సామాను వల్ల. దాన్ని చెయ్యడానికీ మనం అక్కర్లేదు, అది పాడైతే బాగు చెయ్యడానికీ మనం అక్కర్లేదు.

కొత్తవి చెయ్యవద్దని నేనెప్పుడూ అనను. విప్పడానికి వీలుగా చెయ్యమంటాను. 1859లో థోనెట్ అనే జర్మన్ మేస్త్రీ, ఆవిరిలో వంచిన చెక్కతో 14వ నంబరు అని ఒక కుర్చీ చేశాడు. ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. బంకతో పని లేదు. ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీల విడిభాగాలు పట్టేవి. ఒక కాలు విరిగితే ఆ కాలొక్కటే మార్చుకోవచ్చు. కోట్ల కుర్చీలు అమ్ముడుపోయాయి. మన పందిరి మంచం చేసినవాళ్ళకీ ఆ తెలివే ఉంది, వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. నేను ఇప్పుడు సోఫా చేస్తే సీటు మీద ఫోము అతికించను, విడిగా పరుపు వేస్తాను. బల్ల చేస్తే పై పలకని అడుగు నుంచి స్క్రూలతో బిగిస్తాను, ఆ బెజ్జాలు కాస్త పొడుగ్గా తొలుస్తాను. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. కదలడానికి చోటిస్తే పగలదు. పీట అడుగున ఏ చెక్కో, ఏ నెలలో చేశానో, ఏ పాలిష్ వేశానో పెన్సిల్‌తో రాస్తాను. తర్వాత విప్పే మేస్త్రీ ఎవరైనా, వాడికి ఆ రాత ఉపయోగపడుతుంది.

చెక్క ఎక్కడి నుంచి అంటావా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన రెండు వైపులా ఎన్ని పనసలు, మామిళ్ళు కూలాయో నువ్వూ చూశావు. నెలల తరబడి వాటిని ముక్కలు కొట్టి కాల్చారు. నేను ఒక్క పనస మాను మాత్రం అడిగి తెచ్చుకున్నాను. వెంటనే పలకలు కోయించి, మధ్యలో బద్దలు పెట్టి నీడన పేర్చాను. అంగుళం మందానికి ఏడాది ఎండాలన్నది మా నాన్న లెక్క. ఆ పనస పలకలు ఇవాళ నా దగ్గర పసుపు మెరుపుతో ఉన్నాయి, మా వీధి కోడలు చంటివాడికి అందులోంచే ఉయ్యాల చేశాను. తుఫాను మనకి కొత్త కాదు. ఈసారి చెట్టు కూలితే గొడ్డలి కంటే ముందు నువ్వు వెళ్ళు. చేవ ఉన్న మాను పొయ్యిలోకి పోకుండా ఆపగలిగితే రెండేళ్ళ పని నీ షెడ్డులో పేర్చి ఉంటుంది.

అవిసె నూనె పాలిష్ వాడుతుంటే ఒక్క జాగ్రత్త చెప్తాను. నూనె గుడ్డలు ముద్ద చేసి మూల పడెయ్యకు. వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేసి తర్వాత పారెయ్యి.

ప్రశ్న: నాన్నగారి పడక కుర్చీలో పేము అల్లిక కుంగిపోయింది, తెగలేదు. అల్లేవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు. ఆయనకి ఇంకో కుర్చీలో నిద్ర పట్టదు. (పాఠకురాలు, కొరాపుట్)

జవాబు: తెగలేదంటే టెన్షన్ పడకండి తల్లీ, అల్లేవాళ్ళ అవసరం ఇప్పుడే లేదు. కుర్చీని బోర్లించండి. పాత తువ్వాలు వేడి నీళ్ళలో ముంచి, అల్లిక అడుగు వైపు అరగంట పరిచి ఉంచండి. పై వైపు మెరుపుంటుంది, అటు నుంచి నీళ్ళు దిగవు. చెక్కకి మాత్రం నీళ్ళు తగలనివ్వద్దు, తగిలితే వెంటనే తుడిచెయ్యండి. తర్వాత నీడలో, గాలి వచ్చే చోట ఒక రాత్రి ఆరనివ్వండి. పేము ఆరుతూ బిగుసుకుంటుంది. ఆ రాత్రి నాన్నగారిని మంచం మీద పడుకోబెట్టండి, తడి అల్లిక మీద కూర్చుంటే ఇంకా కుంగుతుంది. మర్నాడు సాయంత్రం చేత్తో తట్టి చూడండి, డప్పులా మోగాలి. మోగకపోతే ఇంకోసారి చెయ్యండి. రెండోసారికీ బిగియకపోతే, అల్లిక చట్రం పొడవు, వెడల్పు, అంచు బెజ్జాలు ఒకదానికొకటి ఎంత దూరమో కొలిచి నాకు రాయండి.